ఓడలో వస్తున్న నా తుపాకి

ఖతర్‌లో నేను పదకొండేళ్లు తుపాకి భుజాన వేసుకొని డ్యూటీ చేశాను. ఆ తుపాకిని చూసి ఏడుగురు దొంగలు యార్డు గోడ దూకి పారిపోయారు. వాళ్లలో ఒకడి చెప్పు ఊడి మా గేటు దగ్గరే పడిపోయింది. చాలా రోజులు దాన్ని గేటుకు వేలాడదీశాం, మిగతా దొంగలకు తెలిసి రావాలని.

పదకొండేళ్లు కాదు, నాలుగేళ్లు. మిగతా ఏడేళ్లు వేరే కంపెనీల్లో చేశాను, అక్కడ చేతికి చీపురిచ్చారు. దొంగలు ఏడుగురు కాదు, ఒకటి. ఒకటి అని ఎందుకన్నానంటే అది మేక. చెప్పు మాత్రం నిజంగానే ఊడింది, కాకపోతే అది నాది.

మా ఊళ్లో నన్ను దుబాయ్‌లో మిలిట్రీ చేసి వచ్చినవాడని అనుకుంటారు. దుబాయ్ కాదు, ఖతర్ అని చెప్పడం ఎప్పుడో మానేశాను, ఎవరూ వినరు. మిలిట్రీ కాదని మాత్రం నేనే ఎప్పుడూ చెప్పలేదు. ఈ వయసులో ఇక నాకు పోయే ఉద్యోగం లేదు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

చమురు డబ్బు కొత్తగా వచ్చి పడుతున్న రోజులవి. దోహాలో ఏ వీధిలో చూసినా ఒక గుంత, గుంత పక్కన ఇసుక కుప్ప, ఆ కుప్ప మీద మన జిల్లావాడు ఒకడు. ఇప్పుడు అద్దాల మేడలున్న వెస్ట్ బేలో అప్పుడు సముద్రం ఉండేది. నన్ను తీసుకుపోయింది మనుషులను సప్లై చేసే కంపెనీ. వాచ్‌మన్ పనికని చెప్పి ఒక ఈల, ఒక టార్చిలైటు ఇచ్చి, కంపెనీ రూలు హిందీలో చదివి వినిపించారు. దొంగ వస్తే ఈల వేయాలి. పోకపోతే మళ్లీ ఈల వేయాలి. ఆయుధం ముట్టుకోకూడదు, కర్ర కూడా ఆయుధమే. ఈ రూలు నాకు ఎంతో నచ్చింది. దొంగకూ నచ్చుతుందనుకున్నాను.

తర్వాత నన్ను అల్ రయ్యాన్‌లో ఒక యార్డుకు పంపారు. పైపులు, కేబుల్ చుట్టలు నిల్వ చేసే చోటు. యజమాని ముసలి అరబ్బు, అందరూ అర్బాబ్ అనేవారు. నాది పగటి డ్యూటీ. దొంగలు వచ్చేది రాత్రి కదా అని మీరు అడగవచ్చు. అందుకే పగలు అడిగి పుచ్చుకున్నాను.

మొదటి రోజు అర్బాబ్ నన్ను ఎదురుగా నిలబెట్టి అరబ్బీలో చాలాసేపు మాట్లాడాడు. నాకు ఒక్క ముక్క తెలియలేదు. చివర్లో మాత్రం ఒక మాట స్పష్టంగా వినబడింది. "తుఫగ్?" అన్నాడు.

నా ప్రాణం లేచి వచ్చింది. ఎందుకో చెప్పాలంటే మా నాయన సంగతి చెప్పాలి. మా నాయన పిట్టల దొర వేషం కట్టేవాడు. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. ఇంటింటి ముందు నిలబడి, తనకు మూడు వందల ఏనుగులు ఉన్నాయనీ, వాటికి స్నానం పోయించడానికి గోదావరిని అద్దెకు తీసుకున్నాననీ కోతలు కోసి, నోటితో ఢాం అని తుపాకి పేల్చి, జనాన్ని నవ్వించి, చేటెడు గింజలు తెచ్చేవాడు. మా ఇంట్లో అందరం ఆ తుపాకి పెట్టిన తిండి తిని పెరిగినవాళ్లమే. అరబ్బు దేశంలో, ఎండలో, ఒక పెద్దమనిషి తుపాకి గురించి అడిగితే నాకెలా ఉంటుంది?

"తుపాకియా? ఉన్నది సేటు. సొంతదే. మా నాయనది" అన్నాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. చేతులతో తుపాకి ఎత్తి, ఒక కన్ను మూసి, గురి చూసి, ఢాం అని కూడా అన్నాను. అర్బాబ్ ముఖం వెలిగిపోయింది. నా భుజం తట్టి లోపలికి వెళ్లిపోయాడు.

ఇదంతా అవతల లారీ కడుగుతున్న డ్రైవర్ చూశాడు. హైదరాబాద్ మనిషి, అల్ ముంతజాలో ఎనిమిది మందితో ఒక గదిలో ఉండేవాడు. తెలుగు, మా మాటే, మధ్యలో ఉర్దూ. నేను భాయ్ అనేవాణ్ని, ఆయన నన్ను మియా అనేవాడు. తడి చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"మియా, ఏం చెప్పినవ్ ఆయనకు?"

"తుపాకి ఉందన్న."

"తుఫగ్ అంటే అరబ్బీల బందూక్. ఈలలు పట్టుకొని వచ్చేటోళ్లు నాకొద్దు, బందూక్ ఉన్నోడే కావాలె, నీ దగ్గర ఉన్నదా అని అడిగిండు. నువ్వు ఉన్నదని చెప్పి ఆయన్నే కాల్చినవ్."

లేదని చెప్పివస్తానన్నాను. భాయ్ ఆపాడు. యార్డువాళ్లు వద్దన్న మనిషిని సప్లై కంపెనీ వేరేచోటికి పంపదట, నేరుగా ప్లేన్ ఎక్కిస్తుందట. నేను వచ్చి అప్పటికి పందొమ్మిది రోజులు. నన్ను బస్సెక్కించడానికి ఊరు ఊరంతా కదిలి వచ్చింది, నాలుగు ఊళ్ల బ్యాండు మేళాలు వాయించాయి. సరే, ఒక్క డప్పు. కానీ ఆ ఒక్క డప్పు బస్సు కనబడకుండా పోయేదాకా మోగింది. ఇరవయ్యో రోజుకు తిరిగి వెళ్లి అదే బస్సు దిగితే ఆ డప్పు కొట్టినవాడికి ఏ ముఖం చూపించను?

మర్నాడు అర్బాబ్ వచ్చి నా భుజం వైపు చూసి, తుఫగ్ ఏదీ అన్నాడు. ఓడలో వస్తోందన్నాను. భాయ్ అదే అరబ్బీలో చెప్పాడు.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఆయన అడిగేవాడు, నేను ఓడను నడిపేవాణ్ని. బొంబాయిలో ఎక్కించారని ఒకరోజు, కరాచీ దగ్గర ఆగిందని ఒకరోజు, మస్కట్ కనబడుతోందట అని ఒకరోజు. ఒకరోజు నిద్రమత్తులో మద్రాసులో ఆగిందని చెప్పాను. మస్కట్ దాకా వచ్చిన ఓడ మళ్లీ మద్రాసుకు ఎందుకు పోయిందని అర్బాబ్ అడిగాడు. తుఫాన్ వల్ల తుఫగ్ లేటయిందని భాయ్ కన్నార్పకుండా చెప్పాడు. అర్బాబ్ కాసేపు మా ఇద్దరినీ చూసి, పండుగలోపు ఓడ రాకపోతే నేను పోవడమేనని చెప్పి వెళ్లాడు.

అదే రోజు యార్డులో పగిలిన పెట్టె చెక్కలు ఏరాను. తుపాకి చేయడం నాకు చిన్నప్పటి విద్య. చెక్కను చెక్కి మడమ చేశాను. పనికిరాని సన్న పైపు ముక్క గొట్టమైంది. నల్ల రంగు, చాయ్ డికాషన్, పైన వంటనూనె. నెల రోజులు కష్టపడ్డానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను, మూడు రోజులు పట్టింది. పది అడుగుల దూరం నుంచి చూస్తే అచ్చం తుపాకి. తొమ్మిది అడుగుల నుంచి చూస్తే మంచం కోడు.

ఓడ వచ్చిందని భాయ్ ప్రకటించాడు. అర్బాబ్ చూశాడు. నేను వెనక్కి అడుగులు వేస్తూ సలాం చేశాను. సంతోషంగా తల ఊపాడు. ఇక ఆయనకు పది అడుగుల లోపలికి రాకుండా ఉండటమే నా డ్యూటీ.

అక్కడితో కష్టాలు తీరలేదు. సాయంత్రం తుపాకితో మేముండే కంపెనీ క్యాంప్‌కు వెళితే క్యాంప్ బాస్ గేటులోనే ఆపాడు. క్యాంప్‌లో తుపాకి ఉండకూడదు, అది కంపెనీ రూలు. ఇది తుపాకి కాదు, కట్టె అని చెవిలో చెప్పాను. కట్టెలు కూడా తేకూడదు, గదుల్లో పొయ్యి పెడుతున్నారు అన్నాడు. అలా నా తుపాకి భాయ్ లారీలో సీటు వెనక పడుకునేది, నేను క్యాంప్‌లో పడుకునేవాణ్ని.

చమురు కంపెనీవాళ్ల రూలు ఇంకోటి. వాళ్ల సైటుకు మేము పైపులు తీసుకెళ్లేవాళ్లం, సరుకుకు కాపలాగా నేను తుపాకితో భాయ్ పక్కన కూర్చునేవాణ్ని. అర్బాబ్ ఆజ్ఞ. సైటు గేటు మీద మాత్రం అగ్గిపెట్టె, లైటరు, తుపాకి లోపలికి తేకూడదని బోర్డు. నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లు వేసుకున్న తెల్లదొర ఒకడు గేటు దగ్గర ఉండేవాడు. మొదటిసారి నన్ను దించి, తుపాకి తెరిచి తూటాలు తీయమన్నాడు. అది తెరుచుకోదు. భాయ్ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. దొర వేలి కణుపులతో మడమ మీద టకటకా కొట్టి, చెవి ఆనించి విని, రూళ్ల పుస్తకం తెచ్చాడు. చాలాసేపు చదివాడు. కట్టె తుపాకి గురించి అందులో ఏమీ లేదు. తుపాకి కాదు గనుక లోపలికి పోనిచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ ఆపాడు. సైటులోంచి కట్టె బయటికి పోవాలంటే గేట్ పాస్ కావాలట. ఆ రూలు పుస్తకంలో ఉంది. ఇది మాదే, ఇందాకే తెచ్చాం కదా అని భాయ్ మొత్తుకున్నా వినలేదు. నీలం కాగితం మీద ‘కట్టె, ఒకటి’ అని రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. అప్పటి నుంచి ప్రతి ట్రిప్పుకూ ఒక పాస్. ఒక కాపీ గేటుకు, ఒకటి భాయ్‌కి. మూడో కాపీ ఎక్కడికి పోతుందో నేను పట్టించుకోలేదు.

పండుగ వెళ్లిన కొన్నాళ్లకు అర్బాబ్ చిన్న కొడుకు పెళ్లి వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం అసర్ నమాజు అయ్యాక, డేరాల ముందు మగవాళ్లు రెండు వరుసలుగా నిలబడి, కత్తులూ తుపాకులూ పట్టుకొని పాడుతూ ఆడుతున్నారు. మధ్యమధ్య తుపాకులు పైకెత్తి పేలుస్తున్నారు. నేను పది అడుగుల రూలు పాటిస్తూ ఒంటెల వెనక నిలబడ్డాను. అర్బాబ్ చూపు నా మీద పడింది. చేత్తో పిలిచాడు. చుట్టాలందరి ముందు నా తుపాకి చూపించి, ఇది హింద్ నుంచి ఓడలో వచ్చిందని చెప్పాడు. తర్వాత ఆకాశం చూపించి, కాల్చమన్నాడు.

వందల కళ్లు. నా వెనక భాయ్, చేతిలో బిర్యానీ పళ్లెం. నా కళ్ల ముందు బస్సు, డప్పు.

నేను ముందుకు అడుగేశాను. మా నాయనను తలుచుకున్నాను. తుపాకి భుజానికి ఆనించి, సింహం గర్జించినట్టు ఢాం అన్నాను. డేరాలు ఊగాయి, ఒంటెలు లేచి నిలబడ్డాయి, అరబ్బులందరూ శభాష్ అని నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు.

ఇలాగే చెబుతూ వచ్చాను నలభై ఏళ్లుగా. జరిగింది వేరు. తుపాకి భుజానికి ఆనించిన మాట నిజం. కన్ను మూశాను. నోరు తెరిచాను. శబ్దం రాలేదు. అయినా చిన్నప్పటి అలవాటు, భుజం తుపాకి తన్నినట్టు దానంతటదే వెనక్కి పోయింది. నేను అలా వెనక్కి తూలి నిలదొక్కుకున్నాక, అంతా అయిపోయాక, నా వెనక నుంచి నోట్లో బిర్యానీతో "ఢాం" అని వినబడింది.

ముందు ఒక ముసలాయన నవ్వాడు. తర్వాత రెండు వరుసలూ విరిగిపోయి నవ్వాయి. ఒకడు కత్తి కింద పడేసి కడుపు పట్టుకున్నాడు. అర్బాబ్ మాత్రం నవ్వలేదు. నా దగ్గరికి వచ్చాడు, పది అడుగులు, ఐదు, ఒకటి. తుపాకి తీసుకొని గొట్టంలోకి చూశాడు. వాసన చూశాడు. మూడు నెలలైనా చాయ్ వాసన పోలేదు.

అయిపోయిందనుకున్నాను. సామాను ఏం సర్దుకోవాలో కూడా లెక్క వేసుకున్నాను, రెండు లుంగీలు, ఒక ఈల.

ఆయన జేబులోంచి నీలం కాగితాల కట్ట తీశాడు. గేట్ పాసుల మూడో కాపీలు. అవన్నీ యార్డు ఆఫీసుకే వచ్చేవట, పెళ్లికొడుకు ఇంగ్లీషు చదివి తండ్రికి చెప్పేవాడట. ఒక్కో కాగితం వేలితో తిప్పుతూ "ఖషబ్, ఖషబ్, ఖషబ్" అన్నాడు. అంటే కట్టె, కట్టె, కట్టె.

భాయ్ పళ్లెం కింద పెట్టి, మూతి తుడుచుకొని అడిగాడు, మొదటి నుంచీ తెలిసి కూడా ఈ మనిషిని ఎందుకు పంపలేదని. అర్బాబ్ చెప్పింది భాయ్ నాకు తెలుగులో చెప్పాడు.

"దొంగలు చీటీలు సదవరు కదా అంటున్నడు."

ఆ తర్వాత ఆయన పెట్టిన రూలు నా సర్వీసులో విన్న రూళ్లన్నింటిలోకీ గొప్పది. తుపాకి నేనే పట్టుకోవాలి. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడల్లా కాల్చాలి. ఢాం మాత్రం భాయ్ అనాలి, అది కూడా కాస్త ఆలస్యంగా, పెళ్లిలో అన్నట్టే. అలా నాలుగేళ్లు తుపాకి నా భుజాన ఉంది, తూటా లారీ తోలింది.

మేక వచ్చింది భాయ్ రెండు నెలల సెలవు మీద హైదరాబాద్ పోయినప్పుడు. గేటులోంచి దర్జాగా వచ్చి కేబుల్ చుట్ట మీది గోనెపట్టా నమలసాగింది. తుపాకి గురిపెట్టాను. అది నన్ను చూసి నమలడం ఆపలేదు. తూటా ఊళ్లో లేదని దానికెలా తెలిసిందో. ఇక సప్లై కంపెనీ రూలు ప్రకారం ఈల వేశాను. పోలేదు. రూలు ప్రకారం మళ్లీ ఈల వేశాను. అప్పుడు తల ఎత్తి, తాపీగా నా వైపే నడిచి వచ్చి, నా తుపాకి మడమను ఒకసారి కొరికి చూసింది.

గోడ దూకి పారిపోయారని మొదట్లో రాశాను కదా. దూకింది ఎవరో ఆ ఊడిన చెప్పునే అడగండి.