వెండెలీన్ తప్పుకున్న రోజు

వెండెలీన్ హ్రుష్కా తన పెళ్లికి నా కట్టుడు పళ్ళు పెట్టుకుని వెళ్ళాడు. ముందురోజు ఆట అయ్యాక జట్టు గదిలో బెంచీ మీద పళ్ళు నానేసిన గ్లాసులు రెండుంటే, ఒకటి అతను తీసుకున్నాడు, రెండోది నేను తీసుకున్నాను. అతని పళ్ళు మంచు హాకీలో పక్, అంటే ఆ గట్టి రబ్బరు బిళ్ళ, తగిలి ఊడినవి. నావి సైకిలు మీంచి పడి ఊడినవి. గోల్‌కీపర్ని కనక ఆటలో నా ముఖానికి ఇనుప జాలీ ఉండేది. చర్చిలో ఫాదరు, ఒటీలియాను భార్యగా స్వీకరిస్తావా అని మూడుసార్లు అడగాల్సి వచ్చింది. మూడోసారికి గానీ ఆ నోట్లోంచి వచ్చింది ‘అవును’ అని ఎవరికీ నమ్మకం కుదరలేదు.

“పళ్ళు మారాయని చెప్పొచ్చు కదరా,” అన్నాను తరువాత.

“చెబితే చర్చంతా నీ నోటికేసి చూసేది మెతోద్.”

వాహ్ నది ఒడ్డున మా ఊరి మంచు హాకీ జట్టుకు అతను పందొమ్మిది సీజన్లు డిఫెండరు. గోలు కొట్టినవాడి గురించి ఊరు చెప్పుకుంటుంది. ఆపినవాడి గురించి పెళ్ళామే చెప్పుకోవాలి, అదీ కాపడం పెడుతూ. అన్నేళ్ళలో అతను కొట్టినవి పదకొండు గోల్స్. అందులో ఒకటి మైకులో వేరేవాడి పేరు మీద చదివేశారు. మిగతా కాలమంతా దూసుకొచ్చే పక్‌కు ఒళ్ళు అడ్డం పెట్టడమే అతని ఉద్యోగం. జబ్బ, చీలమండ, రెండు పక్కటెముకలు విరిగాయి. ముక్కు మూడుసార్లు.

“నువ్వు మనిషివా, దడివా?” అనేది ఒటీలియా.

“దడికి జీతమివ్వరుగా.”

తొంభై ఎనిమిది మార్చిలో ఆఖరి ఆట. ఓడితే కింది లీగుకు దిగిపోతాం, సమానంగా ముగిసినా చాలు. స్కోరు రెండు రెండు. నిమిషం కూడా లేదు. అవతలివాడు స్టిక్ ఎత్తాడు. వెండెలీన్ ఎప్పటిలాగే నా ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అతని వీపు తప్ప నాకేమీ కనబడలేదు.

“తప్పుకోరా, కనబడట్లేదు,” అని అరిచాను.

గోల్‌కీపరు తప్పుకోమంటే డిఫెండరు తప్పుకోవాలి. తప్పుకున్నాడు. అప్పుడు పక్ నాకు చక్కగా కనబడింది. నా మోచేతి కిందనుంచి గోల్లోకి పోయేదాకా కనబడింది.

హ్రుష్కా దెబ్బకు జంకి పక్కకు జరిగాడని మర్నాడు పత్రికలో పడింది. నేను ఆ వారమే పెద్ద జట్టుతో ఒప్పందం మీద సంతకం చేయాల్సి ఉంది. చేశాను. క్లబ్బు అతన్ని వదిలేసింది. నేనరిచిన సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. నేనూ చెప్పలేదు. ఇప్పుడు నేను అదే క్లబ్బులో గోల్‌కీపర్లకు శిక్షకుణ్ణి. అతను కింది గదిలో స్కేట్లకు సాన పడతాడు.

ఈ చలికాలం క్లబ్బుకు యాభై ఏళ్ళు నిండాయి. వెండెలీన్ ఐదో నంబరు చొక్కాను మైదానం పైకప్పుకు వేలాడదీస్తే బాగుంటుందని కొందరన్నారు, పాత ఆటగాడికి అంతకు మించిన గౌరవం లేదు. ఒటీలియా ఆ చొక్కాను ఉతికి, ఇస్త్రీ చేసి, నాకు చూపించింది.

“పద్నాలుగేళ్ళుగా రొట్టెల కొట్లో తల దించుకునే నిలబడుతున్నాను. అది పైకెక్కితే నేనూ తలెత్తుతాను మెతోద్,” అంది.

మొన్న శనివారం ముగ్గురం మైదానం క్యాంటీన్లో కూర్చున్నాం. కమిటీ పెద్ద గుస్తావ్, రిటైరైన రైల్వే గార్డు, సాసేజీ పళ్ళెంతో మా బల్ల దగ్గరికి వచ్చాడు.

“చొక్కా కడదామంటున్నారు. కట్టండి, నాకేం. కానీ నా కొడుకు పుట్టిన రోజున కూడా నేను ఆట మానలేదు వెండెలీన్. ముప్పై ఏళ్ళు ఆ చలిలో నిలబడి గొంతు చించుకున్నాను. ఆ ఒక్కరోజు ఎందుకు తప్పుకున్నావయ్యా? అది చెప్పు, చెయ్యెత్తుతాను.”

ఒటీలియా మొగుడి ముఖంలోకి చూసింది. నేను ఫోర్కు కింద పెట్టాను.

“గుస్తావ్ మామా, అసలు ఆ రోజు...” అన్నాను.

బల్ల కింద వెండెలీన్ బూటు నా పాదాన్ని గట్టిగా తొక్కింది.

“భయమేసింది మామా,” అన్నాడు.