పిల్లల కోడి, నేను, షావుకారి పిల్లి

కొత్తగా పెళ్లయిన రోజుల్లో మగవాడికి తెలియని సంగతి ఒక్కటీ ఉండదు. వయసు మీద పడేకొద్దీ ఆ తెలివి ఒక్కొక్కటే రాలిపోతుంది, పళ్ల లాగే. నా మొదటి తెలివి రాలింది ఒక కోడి ముందర.

అప్పుడు ఝరాసంగం దిక్కు పల్లెలో ఉండేవాళ్లం. పశువుల కొట్టంలో ఓ మూలన, వెదురు గుమ్మిలో విత్తనాల జొన్నలు పోసి పెట్టుకునేవాళ్లం. ఆ ఏడు వాటికి ఎలుకలు పడ్డాయి. ఒక్కొక్కటి గొర్రెపిల్లంత. (సరే, పందికొక్కంత. అదీ ఒక్కటే, మిగతావి మామూలు ఎలుకలే.) పిల్లిని తెస్తానన్నాను. మా ఇంటామె ఒప్పుకోలేదు. అదే కొట్టంలో గంప కింద ఆమె పిల్లల కోడి ఉంది. బీదర్ దిక్కు పుట్టింటి నుంచి వాళ్లమ్మ ఇచ్చి పంపిన ఎర్రకోడి అది. అప్పుడే పిల్లలు చేసింది.

నేను జహీరాబాద్ పోయి, గింజల దుకాణం షావుకారిని అడిగి పిల్లిని తెచ్చాను. దారి గుర్తుపట్టి వెనక్కి పోకుండా గోనెసంచిలో వేసుకుని బస్సెక్కాను. అది అరిచిన అరుపుకు పక్కనున్న ముసలాయన, "పిల్లి ఎదురొస్తేనే పని చెడుతది బిడ్డా, నువ్వు సంకల పెట్టుకొని పోతున్నవా?" అన్నాడు.

ఇంటికొచ్చి నా తెలివంతా వాడాను. "ఇది షావుకారి ఇంట్ల పెరిగిన పిల్లి. పుట్టి బుద్ధెరిగి కోడిని చూడలే. చూడనిదాన్ని ఎట్ల తింటది?"

"నువ్వు నన్ను చూడకనే చేసుకోలేదా?" అంది ఆమె. "ఒక్క పిల్ల పోయిందనుకో, పిల్లి బయటికే, నువ్వు కూడ దానెంటనే. నేను మా అమ్మ కాడికి పోత."

తెల్లారి ఆమె గంప ఎత్తి, "జర చూస్తుండు" అని నీళ్లకు బోరింగు దగ్గరికి పోయింది. కోడి పిల్లలతో నేల గీరుతోంది. గుమ్మి మీద పిల్లి ఒదిగి కూర్చుంది. తోక కొస మాత్రం కదులుతోంది. పుట్టి బుద్ధెరిగి చూడనిదాన్ని అది చాలా శ్రద్ధగా చూస్తోంది. పిల్లలను ఒక్కొక్కటిగా గంప కిందికి చేర్చుదామని దగ్గరున్నదాన్ని పట్టుకున్నాను. అది కియ్యిమంది. పిల్లి దూకింది. కోడి లేచింది.

పిల్లి నెత్తుటికళ్లతో మీదికొస్తే దాన్ని మెడ పట్టి ఆపానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ఊళ్లో హోటల్ దగ్గర ఛాయ్ తాగుతూ ఇంకా బాగా చెప్పేవాణ్ని. (జరిగింది ఇదీ: కోడి ముందు నా పిక్క మీద పొడిచింది, ఆ తర్వాత పిల్లి ముక్కు మీద. ఇద్దరం ఒకేసారి కొట్టంలో ఉన్న ఎడ్లబండి ఎక్కాం. పిల్లి వణుకుతూ నా ఒళ్లో కూర్చుంది. నేను కూడా వణుకుతున్నాను గనక దానికేమీ తేడా తెలియలేదు.)

ఇంటామె బిందె దించి ముందు పిల్లలను లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. ముఖం వాడిపోయింది.

"ఒకటి తక్కువున్నది. తిన్నది గదా నీ పిల్లి?"

"తినలే," అన్నాను బండి మీది నుంచే.

"మరి ఏడికి పోయింది?"

చెయ్యి తెరిచి చూపించాను. పిల్ల నా గుప్పిట్లోనే ఉంది. అందుకే కోడి బండి చుట్టూ తిరుగుతోందని నాకు అప్పుడే తట్టింది.

"దాన్ని కింద వదలరాదయ్యా."

"కింద కోడి ఉన్నది."

ఆమె బోర్లించిన గంప మీద కూలబడి నవ్వింది. మా ఇంటికొచ్చాక అంతగా నవ్వడం అదే మొదలు. పుట్టింటి మాట మళ్లీ ఎత్తలేదు. ఆనాటి నుంచి పిల్లి ఎలుకలను పట్టేది. కోడి కనిపిస్తే మాత్రం గోడ వారగా నడిచేది. నేనూ అదే దారి.

ఇప్పటికీ పెరట్లో కోళ్లున్నాయి, పిల్లులున్నాయి. ఆమెకే చూపు ఆనడం లేదు. పొద్దుగూకేటప్పుడు గంప మూసేముందు, "ఎన్నున్నయి పిల్లలు?" అని నన్నే అడుగుతుంది.

నిన్న, "డజను మీదనే ఉన్నయి," అన్నాను.

"అంటే పది," అంది.

మళ్లీ వంగి లెక్కపెట్టాను. పదే.