దేవదాస్ ఎక్కిన విమానం

మా ఎల్లవ్వత్తకు చదువు రాదు. కానీ ఇంగ్లీషులో ఐదు అక్షరాలు మాత్రం ఎక్కడ కనిపించినా గుర్తుపట్టేది. అవి ఒక సర్కారు విమానం పక్కన రాసి ఉన్న అక్షరాలు. ఆ విమానంలోనే ఆమె పెనిమిటి దేవదాస్ మామ వెళ్లిపోయాడు.

మాది బోధన్ శివారులో మెథడిస్టు చర్చి వెనక వాడ. వాళ్లింటికీ మా ఇంటికీ నడుమ ఒక దడి మాత్రమే ఉండేది. నేను మిషన్ బడిలో పంతులమ్మనయ్యాక కూడా ఆమె నన్ను పోరీ అనే పిలిచేది. పిల్లల ముందు అలా పిలవొద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు, వినే రకమూ కాదు.

యాభై తొమ్మిదిలో చెరుకుకు పురుగు తగిలింది. మందు చల్లడానికి సర్కారు ఒక విమానాన్ని పంపింది. పసుపు రంగుది, ఒక రెక్క మీద ఇంకో రెక్క ఉండేది. చెరుకు కొట్టేసిన చేనును రోలరుతో చదును చేసి దాన్ని అక్కడ దించారు. దేవదాస్ మామకు జెండా పట్టే పని దొరికింది. విమానం ఏ సాలు మీదుగా పోవాలో తెలియడానికి చేను కొసన ఎర్ర జెండా ఎత్తుకుని నిలబడాలి. అది నెత్తి మీదికి వచ్చేసరికి పక్క సాలుకు జరగాలి. మిగతావాళ్లు ఆ చప్పుడు దగ్గరవగానే జెండా పారేసి కాలువలో దూకేవాళ్లు. మామ మాత్రం జరగాల్సినప్పుడే జరిగేవాడు. సాయంత్రం మందు పొడితో తల తెల్లబడి ఇంటికొస్తే, ముసలోడివైతే గిట్లనే ఉంటవని నవ్వుతూ ఎల్లవ్వత్త నీళ్లు పోసేది.

పని అయిపోయాక పైలట్ ఆయన్ను తనతో రమ్మన్నాడు. ఇంకో రాష్ట్రంలో చెరుకు ఉంది, రెండు నెలల్లో తిరిగి రావచ్చు అన్నాడు. మామ సరేనన్నాడు. వెళ్లే రోజు పొద్దున బొగ్గుతో తలుపు మీద విమానం అక్షరాలు రాసి పెళ్లానికి చూపించాడు.

"గివి యాడ కనవడితే గాడ నేనున్నట్టు," అన్నాడు.

వాడంతా పోయి చూసింది. ఆయన పైలట్ వెనక కూర్చుని చెయ్యి ఊపాడు. వాళ్ల ఎనిమిదేళ్ల కొడుకు జయరాజ్ తన బాపు ఆకాశంలోకి పోతున్నాడని ఎగిరి గంతులేశాడు.

రెండు నెలలు గడిచాయి, రెండేళ్లు గడిచాయి. మనిషి రాలేదు, కబురూ లేదు. చనిపోయాడని కొందరన్నారు. అక్కడే ఇంకొకతెను చేసుకున్నాడని కొందరన్నారు. ఈ రెండో మాట అనేటప్పుడు మా వాడ ఆడవాళ్ల ముఖాలు చూడాలి, పండక్కి పిలిచినంత సంబరం. జయరాజ్ పెద్దయ్యాక హైదరాబాద్‌లో సర్కారు విమానాల ఆఫీసుకు వెళ్లి అడిగితే, రోజు కూలీల పేర్లు తమ దగ్గర ఉండవన్నారు. విమానానికి ఆ అక్షరాల పేరుంటుందట గానీ, దాని ముందు జెండా పట్టుకుని నిలబడ్డవాడికి ఉండదట. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎల్లవ్వత్త మాత్రం తలుపు మీది అక్షరాలు వెలిసిపోయినప్పుడల్లా బొగ్గుతో దిద్దేది. వాటికి ఆమె పెట్టుకున్న గుర్తులు వేరు, ఒకటి నిచ్చెన, ఒకటి పాము, ఒకటి సగం రొట్టె. కలుపు తీస్తూ ఆకాశంలో చప్పుడు వినిపిస్తే కొడవలి కింద పెట్టి లేచి నిలబడేది. అంత ఎత్తున పోయేవాటి మీద అక్షరాలు కనిపిస్తాయా, ఆమె పిచ్చి గానీ.

"ఆయన మొకం మర్సిపోతున్న పోరీ. గీ అచ్చరాలే యాదికున్నయ్," అంది ఒకసారి.

డెబ్భై నాలుగులో జయరాజ్‌కు కొడుకు పుట్టాడు. పేరు దగ్గర రగడ మొదలైంది. దేవదాస్ మామ తల్లి లక్ష్మవ్వ అప్పటికి కళ్లు సరిగా కనిపించని ముసలిది. మనవడి కొడుక్కి తన కొడుకు పేరే పెట్టాలని పట్టుబట్టింది.

"నా కొడుకు పేరు నా ఇంట్ల ఇనబడక ఎన్నేండ్లాయె. పోయేలోపు ఒక్కపారన్న పిలుసుకుంట," అనేది.

ఎల్లవ్వత్త ససేమిరా అంది. మాలో బతికున్న పెద్దల పేరు పిల్లలకు పెట్టరు, పోయినవాళ్లదే పెడతారు.

"పేరు వెట్టినమంటే ఆయన పోయిండని మనమే ఒప్పుకున్నట్టు. నేను ఒప్పుకోను," అంది.

పసివాడికి బాప్తిస్మం ఆగిపోయింది. ఆరు నెలలొచ్చినా బాబు అనే పిలుస్తున్నారు. నలిగిపోయింది మాత్రం జయరాజ్, అటు నాయనమ్మకూ ఇటు తల్లికీ మధ్య.

ఆ ఏడే మాకు దగ్గర్లోని వర్ని ఊరి వైపు మందు చల్లే విమానం దిగింది. అది ఎల్లవ్వత్త చెవిన పడింది. మర్నాడు చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, జొన్నరొట్టెలూ కోడిగుడ్డు పులుసూ మూట కట్టుకుని నన్ను బయలుదేరదీసింది. అది ఆయనకు ఇష్టమైన పులుసు.

విమానాన్ని దూరం నుంచి చూడగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది. నిచ్చెన, పాము, సగం రొట్టె. అవే అక్షరాలు, ఒక్కటీ తేడా లేదు. కానీ ఈ విమానానికి రెక్క ఒకటే వరస.

"అత్తా, గిది వేరే విమానం లెక్కున్నది," అన్నాను.

"రెక్కలు మార్సిండ్రు కావచ్చు. నాగలికి కర్రు మార్సమా?" అని పరుగులాంటి నడకతో ముందుకు పోయింది.

రెక్క కింద మెకానిక్ పని చేస్తున్నాడు. హైదరాబాద్ మనిషి, పేరు రామ్‌దాస్.

"జయరాజ్ బాపు యాడున్నడు బిడ్డా?" అని అడిగింది. అతనికేం అర్థమవుతుంది. దేవదాస్ అనే మనిషి, జెండా పట్టేవాడు, ఈ విమానంలోనే పోయాడని నేను చెప్పాను. అతను చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు. మంచివాడు, నవ్వలేదు.

"గది ఇది కాదవ్వా. గా పాతదాన్ని ఎప్పుడో తీసేసిండ్రు. పనికి రాదని తునకలు చేసి అమ్మేసిండ్రు. దాని అక్షరాలు ఖాళీగున్నయని ఈ కొత్తదానికి ఇచ్చిండ్రు. సర్కారుల గట్ల మామూలే," అన్నాడు.

"పాతది ఉండంగ ఇయ్యరా?"

"ఉండంగ ఎట్లిస్తరు? ఒక పేరు మీద రెండు విమానాలు తిరగొద్దు. పాతది పోయినంకనే."

దేవదాస్ అనే మనిషి గురించి తను ఎన్నడూ వినలేదని కూడా చెప్పాడు. ఎల్లవ్వత్త ఆ అక్షరాల మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. తర్వాత మూట విప్పి రొట్టెలు రామ్‌దాస్ చేతిలో పెట్టి తినమంది. అతను వద్దంటే ఒప్పుకోలేదు, తినేదాకా ఎదురుగా కూర్చుంది.

తిరుగు దారిలో బండిలో ఏడ్చింది. పదిహేనేళ్లలో ఆమె ఏడవడం నేను చూడలేదు. ఏడిస్తే ఆయన పోయినట్టేనని బిగబట్టుకున్న ఏడుపంతా ఒకేసారి వచ్చింది. బండివాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. నేను ఆమె వీపు నిమురుతూ నేనూ ఏడ్చాను. బోధన్ దగ్గరవుతుండగా కొంగుతో ముఖం తుడుచుకుని, "పేర్ల కాడ సర్కారు గూడ మన లెక్కనే జేస్తది పోరీ," అంది.

తర్వాతి ఆదివారం బాప్తిస్మం. కోడలి చేతుల్లోంచి పసివాణ్ణి తనే తీసుకుని ముందుకు నడిచింది. పాస్టరుగారు నీళ్ల గిన్నె దగ్గర నిలబడి, బిడ్డకు ఏం పేరు అని అడిగారు. పెండ్లయిన నాటి నుంచీ భర్త పేరు నోటితో పలకని మనిషి. జయరాజ్ తను చెబుతానన్నట్టు ఒక అడుగు వేశాడు. ఆమె చేత్తో ఆపి, గొంతులోనే ఏదో అంది.

పాస్టరుగారికి వినపడలేదు. మళ్లీ చెప్పమ్మా అన్నారు.

"దేవదాస్," అంది ఈసారి. చేను అవతలి గట్టున ఉన్న మనిషిని కేకేసినట్టు చర్చి అంతా వినిపించేలా పిలిచింది. పిలిచి, ఎవరైనా పలుకుతారేమోనన్నట్టు కాసేపు ఆగింది.