అక్క పంపిన సీసా

మొన్న అయిదో నెల నడుస్తున్న మనవరాలికి తోడుగా కర్నూల్లో ఒక పరీక్షల సెంటరుకు పోయి కూర్చున్నాను. ఆ పిల్ల చిన్న ప్లాస్టిక్ సీసా తీసుకొని లోపలికి పోయి, వచ్చి, బల్ల దగ్గరున్న కుర్రవాడి చేతిలో దాన్ని పెట్టి, రిపోర్టు ఎప్పుడిస్తారని అడిగి, నా పక్కన కూర్చొని నింపాదిగా వేరుశనగకాయలు ఒలుచుకోవడం మొదలుపెట్టింది. అద్దాల తలుపు అవతల మూతపెట్టిన మిషనొకటి సన్నగా రొద చేసి, దానంతట అదే ఆగిపోయింది. నా కుడిచెయ్యి ఒళ్లో ఉన్నచోటే గుండ్రంగా కదిలిందట. చెయ్యి వణుకుతోందేమి తాతా అని మనవరాలు కంగారుపడింది. ఏమీ లేదమ్మా అని ఊరుకున్నాను. కడుపుతో ఉన్న పిల్లకు చెప్పే సంగతి కాదది. మీలో నా ఈడువాళ్లయితే అర్థం చేసుకుంటారు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, మీసం ఇంకా సరిగా రాని వయసులో, తుంగభద్రకు దగ్గరగా ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో పరీక్షల గదికి సహాయకుడిగా చేరాను. గది అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, ఒక స్పిరిటు దీపం, డాక్టరుగారు తప్ప ఎవరూ ముట్టని మైక్రోస్కోపు, బల్ల అంచుకు మరతో బిగించిన సెంట్రిఫ్యూజు, అంతే. ఆ పేరు నోరు తిరగక అందరం తిప్పుడు మిషను అనేవాళ్లం. దానికి కరెంటు లేదు, నా చెయ్యే కరెంటు. పిడి పట్టుకొని తిప్పితే పైన వేలాడే ఇనప గొట్టాలు అడ్డంగా లేచి గిర్రున తిరిగేవి. వాటిలో పెట్టిన గాజుగొట్టాల్లోని మూత్రమో నెత్తురో ఆ విసురుకు విడిపోయి, బరువైనదంతా అడుక్కి దిగి, తేట పైన నిలిచేది. ఒకవైపు గొట్టం పెడితే ఎదురుగా అంతే బరువుది ఇంకొకటి పెట్టాలి, మరో రోగిది లేకపోతే నీళ్లయినా పోసి పెట్టాలి, లేకపోతే బల్లతో సహా ఎగిరెగిరిపడేది. మెల్లగా మొదలుపెట్టి, వేగం అందుకొని, ఆ వేగం చెడకుండా తిప్పి, చివర పిడి వదిలేసి అదే ఆగేదాకా చేతులు కట్టుకొని నిలబడాలి. తొందరపడి పట్టి ఆపితే దిగిన మడ్డి మళ్లీ లేచి కలిసిపోయేది.

నా చదువు చూసి ఇచ్చిన పని కాదిది. మాది మగ్గాల ఇల్లు. ఊహ తెలిసినప్పటి నుంచి రాట్నం తిప్పి నూలు కండెలు చుట్టినవాణ్ణి, కాబట్టి దారం తెగకుండా ఒకే తీరున తిప్పడం చేతికి అబ్బింది. రామేశ్వరం పోయినా శనేశ్వరం తప్పలేదని మా బావ ఎగతాళి చేసేవాడు. దొరల ఉద్యోగానికి పోయి కూడా రాట్నమే తిప్పుతున్నానని ఆయన నవ్వు.

రాట్నం నేర్పింది అక్క. అమ్మ పోయేనాటికి నాకు నడకైనా సరిగా రాదు. నాకు నీళ్లు పోసింది, నా గుడ్డలు ఉతికింది, విరేచనాలు పట్టుకుంటే పక్కలో పడుకోబెట్టుకొని రాత్రంతా తుడిచింది అక్కే. పెళ్లయి కర్నూలు పేటలో అత్తవారింటికి వస్తూ, మొహమాటం లేకుండా నన్నూ వెంటబెట్టుకొచ్చింది. అలాంటి అక్కకు ఎన్నో ఏళ్లకు కడుపు పండింది. కాన్పుకు పోదామంటే పుట్టింట్లో అమ్మ లేదు, అందుకని బావకు పెద్దక్క, అంటే అక్కకు ఆడబిడ్డ, తన సంసారం వదిలి సాయానికి వచ్చి ఉండేది. మంచి మనిషి, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

నెలలు నిండుకొస్తున్నప్పుడు అక్క పాదాలు ఉబ్బాయి. మెట్టెలు వేళ్లలోకి దిగబడి రాకపోతే బావ కత్తిరించి తీశాడు. కడుపుతో ఉన్నవాళ్లకు నీరు దిగడం మామూలేనని ఇంట్లో అందరూ అన్నారు. పొద్దున పూట కళ్ల కింద కూడా ఉబ్బు కనబడేసరికి నేను ఆగలేక డాక్టరుగారికి చెప్పాను, ఆయన వెంటనే మూత్రం పరీక్ష చేద్దాం తెమ్మన్నారు. కడిగి ఆరబెట్టిన సీసా తెచ్చి ఆడబిడ్డ చేతికిచ్చాను. తెల్లవారి ఆమె దాన్ని పాత గుడ్డలో చుట్టి తెచ్చిచ్చింది. అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు.

ఆ రోజు తిప్పినంత శ్రద్ధగా ఎన్నడూ తిప్పలేదు. ఆగాక చూస్తే గొట్టం అడుగున మడ్డి లేనే లేదు. ఇంకో గొట్టంలో పోసి దీపం మీద కాచాం. లోపల చెడు ఉంటే విరిగిన పాలలాగా తెల్లబడాలి, అది నీళ్లలా తేటగా నిలిచింది. డాక్టరుగారు మైక్రోస్కోపులోనూ చూసి, ఏమీ లేదు, మీ అక్కకు భయం లేదని నా భుజం తట్టారు. నేను ఇంటిదాకా పరుగెత్తాను. చెడు కనబడి ఉంటే, మూర్ఛలు రాకుండా ఉప్పు మాన్పించి, పాలు తాగించి, మంచం దిగనివ్వకుండా పడుకోబెట్టమనేవారు. ఏమీ లేదన్నారు కాబట్టి అక్క ఎప్పటిలాగే రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టింది, ఊరగాయ నంజుకొని సంగటి తినింది. నేను శుభవార్త చెబుతున్నంతసేపూ తలెత్తలేదు. అది సంతోషమనుకున్నాను నేను, ఎంత వెర్రివాణ్ణి!

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం అక్కను జట్కాలో వేసుకొచ్చారు. కళ్లు పైకి తేలి, పళ్లు గిట్టకరిచి, ఒళ్లంతా కొట్టుకుంటోంది. కాన్పు ముందర వచ్చే ఈ మూర్ఛను గుర్రపువాతం అంటారు మన వైపు. పరీక్షలో ఏమీ లేదే, ఇదెలా వచ్చిందని డాక్టరుగారు నన్నే అడుగుతుంటే, గుమ్మంలో నిలబడిన ఆడబిడ్డ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఏడుస్తూ చెప్పింది.

"అది నీ యక్కది కాదప్పా. ఎత్తి పెంచిన పిల్లోని చేతికి ఇది యెట్ల పంపేదని శానా ఏడ్సె. సీసా అడిగిండారు, ఏదో ఒకటి ఇస్తే సరిపోతాదనుకొని నాదే పోసిచ్చినా. ఇంత ఉండాదని నాకేం తెలుసప్పా!"

డాక్టరుగారు నర్సమ్మతో తీయించి పంపిన మూత్రాన్ని మళ్లీ నేనే మిషనులో పెట్టాను, ఎదురుగొట్టంలో నీళ్లు పోసి పెట్టాను. ఈసారి అడుగున మడ్డి దండిగా దిగింది. దీపం మీద పెట్టీపెట్టకముందే గొట్టమంతా తెల్లగా గడ్డకట్టింది. అంతకుముందు కూడా మిషను అబద్ధం చెప్పలేదు, ఆడబిడ్డ ఆరోగ్యం బాగుందని నిజమే చెప్పింది. అక్క బతికింది. మగబిడ్డ ఊపిరి లేకుండా పుట్టాడు. మళ్లీ ఆమెకు కడుపు పండలేదు.

నా మలమూత్రాలు ఎత్తిన అక్క తనది నా చేతికివ్వడానికి సిగ్గుపడింది. ఆ గదిలో నేను కాక ముక్కూ మొహం తెలియని మరొకడెవడైనా ఉండి ఉంటే, కళ్లు మూసుకొని ఇచ్చేసి ఉండేదేమో. మన పిల్లోడు ఆసుపత్రిలో ఉన్నాడు, మనకేం భయమని ఇంటిల్లిపాదీ ధైర్యంగా ఉన్నారు. ఆ పిల్లోడు అక్కడ ఉండడమే అక్కకు చేటయింది.

తరువాత డాక్టరుగారిని బతిమాలి ఒక ఏర్పాటు చేయించాను. ఆడవాళ్ల సీసాలు ఆసుపత్రి ఆయానే చాటున తీసుకొని, పేరు లేకుండా అంకె రాసిన చీటీ కట్టి నా బల్ల మీద పెట్టేది. ఎవరిదో తిప్పేవాడికి తెలియదని వరండాలో కూర్చున్నవాళ్లకు వినబడేలా చెప్పమనేవాణ్ణి. ఎన్ని కాన్పులు ఆ చీటీల పుణ్యమా అని క్షేమంగా జరిగాయో. అక్కను తలుచుకొని చేయించిన ఏర్పాటు అక్కకు మాత్రం పనికిరాలేదు.

అక్క పండు ముసలితనం దాకా ఉంది. నా పిల్లలకూ తానే నీళ్లు పోసింది. ఆ సీసా మాట మా ఇద్దరి మధ్య ఎన్నడూ రాలేదు. నాకు తెలుసని ఆమెకు తెలుసు. నీ తప్పు లేదక్కా అని ఒక్క మాట అనాలని ఎన్నోసార్లు పక్కన కూర్చున్నాను, వానల గురించీ నూలు ధర గురించీ మాట్లాడి లేచి వచ్చాను. చివరికి ఆమెను పట్టిన సిగ్గే నన్నూ పట్టింది.

సాయంత్రాలు కొండారెడ్డి బురుజు దగ్గర మా ఈడువాళ్లం చేరినప్పుడు, ఈ కాలం ఆడపిల్లలకు సిగ్గూ ఎగ్గూ లేకుండా పోయిందని ఎవరో ఒకరు ఎత్తుకుంటారు, మిగిలినవాళ్లు అవునవునంటారు. నేను లేచి ఇంటిదారి పడతాను. మా కాలంలో సిగ్గుకు కొదవ లేదు, మా అక్కకు బిడ్డే లేకపోయాడు.