మాస్టర్ కాని మా పెద్దనాయన

మొన్న తాండూరు నుంచి కబురొచ్చింది, మా పెద్దనాయన పోయిండని. పొద్దున చాయ తాగి, గోడకు ఆనుకొని కూసున్నోడు అట్లనే ఒరిగిపోయిండట. మా నాయన పోయినంక నన్ను సాదింది ఆయనే.

తాండూరు స్టేషన్ల పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఆయన. నిజాం దినాలల్ల చేరి, రాజ్యం మారినంక గూడ అదే పని చేసిండు. మా సొంతూరు దోమల మాత్రం అందరికీ ‘స్టేషన్ మాస్టర్’. ఆ పేరు ఎవరు పెట్టిన్రో తెల్వదు, ఆయనైతే కాదనలేదు. ఊరికొస్తే గొంగడి పరిచి కూసోబెట్టేటోళ్లు. ఆయన ఛాతి జర ఉబ్బేది. పెద్దమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది.

నాకు వికారాబాద్ సంబంధం వచ్చినప్పుడు మధ్యవర్తి గూడ మాస్టరనే చెప్పిండు. పిల్లగాని తండ్రి స్టేషన్లనే కలుస్తనన్నడట. ఇగ పెద్దనాయనకు ముద్ద దిగలె.

"సెలవు పెట్టు" అన్నది పెద్దమ్మ.

"ఎన్నాళ్లని దాక్కుంట? రేపు మాట పడేది పిల్ల" అని డ్యూటీకే పోయిండు. మమ్మల్ని గూడ రమ్మన్నడు.

బండి ఆగింది. నెత్తికి తెల్ల రుమాలు చుట్టుకున్న పెద్దమనిషి దిగిండు. పెద్దనాయన నీలం అంగీకి చేతులు తుడుసుకుంట ఎదురుపోయిండు.

"నేను మాస్టర్ను కాను. పట్టాలు మారుస్త. మీకు తప్పు చెప్పిన్రు, చెప్పనిచ్చింది నేనే. ఇష్టం లేకుంటే తిరుగు బండి ఉన్నది."

నేను పెద్దమ్మ ఎనకకు జరిగిన.

ఆ పెద్దమనిషి గట్టిగ నవ్విండు. "కందుల యాపారానికి ఏండ్ల సంది గీ బండిలనే వస్తున్న. వానల నా బస్తాలు తడుస్తుంటే షెడ్డులకు మోసింది నువ్వే గద. స్టేషన్ల పనిచేసే దోమ ఊరి మనిషి అంటే నువ్వే అనుకున్న. మాస్టర్ అనేసరికి ఇంకెవరోనని రంది పడ్డ. నిమ్మళమైంది. పద బావా, చాయ తాగుదాం."

తర్వాత దోమల ఎవరు మాస్టరన్నా ఆయనే సరిదిద్దేటోడు. కొందరు గొంగడి పరుచుడు మానేసిన్రు. ఆయన అరుగు అంచుకు కూసొని, మునుపటికన్న ఎక్కువ మాట్లాడేటోడు. "ఆ పేరు మోస్తుంటే చెమట పట్టేది బిడ్డా" అన్నడొకసారి నాతోటి.

ఇప్పుడు ఆయన్ని తలుచుకుంటే ఆనాటి సాయంత్రమే కండ్లల్ల మెదులుతది. మా మామ ఎక్కిన బండి పోయినంక, పెద్దనాయన బెంచి మీద కాళ్లు చాపి కూసొని, సీతాఫలం ఇప్పుకొని, గింజలు పట్టాల దాక ఊసుడు షురూ చేసిండు. నన్ను గూడ ఊసుమన్నడు. పెద్దమ్మ తిడుతనే ఉన్నది. మేమిద్దరం ఎవరి గింజ దూరం పడ్డదో వంగి చూస్తున్నం.