ఒకటో నంబరు ఇన్‌చార్జి

తెనాలి చరిత్ర రాసేవాళ్లు పట్టించుకోకపోవచ్చు గాని, 1998లో గోపాలకృష్ణ గారి కంప్యూటర్ సెంటర్‌లో రోజూ ఉదయం తొమ్మిదింటికి ఒక మహత్కార్యం జరిగేది. రేపల్లె బండి దిగి వచ్చిన వెంకటరత్నం గారు చెప్పులు గుమ్మం బయట విడిచి, పదహారు కంప్యూటర్ల నెత్తిన అంటించిన నంబరు చీటీలను వేలితో తాకుతూ ప్రదక్షిణ చేసేవారు.

ఆ నంబర్లు ఆయన స్వహస్తాలతో వేసినవి. కంప్యూటర్లు ఒకదాన్నొకటి పిలుచుకోవాలంటే ప్రతిదానికీ చిరునామా ఉండాలి. అందులో ముందు భాగం ఇంటిపేరులా అన్నిటికీ ఒకటే; చివరి నంబరే దేనిది దానిది. రెండింటికి ఒకటే పడితే తగవే. ఈపాటి విద్యతో ఆయన ల్యాబ్ ఇన్‌చార్జి అయ్యారు. ఒకటో నంబరు తనది. ఎనిమిది శనిది కనుక ఎవరికీ ఇవ్వలేదు. నంబర్లు తీసేస్తే ఆయనకు మిగిలేది తాళాలగుత్తి.

మరుసటి ఏడు ఇంటర్నెట్ కోసం రౌటర్ అనే పెట్టె వచ్చింది. బిగించడానికి బాపట్ల నుంచి ప్రేమకుమారి అనే ఇంజనీరు వచ్చింది.

“ఇక చీటీలు అక్కర్లేదండి మాస్టారూ. కంప్యూటర్ ఆన్ కాగానే ‘నాకో నంబరివ్వండి’ అని కేకేస్తుంది. ఈ పెట్టె ఖాళీ నంబరు చూసి, కొన్నాళ్లు వాడుకోమని ఇస్తుంది. గడువైతే మళ్లీ అడగాలి.”

“అడిగినోళ్లకల్లా పెట్టడానికి ఇదేమన్నా సత్రమా అమ్మా? సీనియారిటీ చూడదా?”

“చూడదండి.”

“అయితే దానికి బుద్ధి లేదన్నమాట.”

ఆమె వెళ్లాక వెంకటరత్నం గారు తన కంప్యూటరుకు మళ్లీ చేత్తోనే ఒకటో నంబరు వేసుకున్నారు.

ఆదివారం ఇంటర్నెట్ ప్రారంభోత్సవం. పిల్లల్ని చేర్చాలా వద్దా అని తేల్చుకోడానికి తల్లిదండ్రులొచ్చి కూర్చున్నారు. వెంకటరత్నం గారు అందరికన్నా ముందు తన యంత్రం ఆన్ చేశారు. తెరమీద నంబరు తగవు గురించి హెచ్చరికొచ్చింది. కింది ఉద్యోగి అర్జీలా, చదవకుండానే మూసేశారు.

కొబ్బరికాయ పగిలింది గాని, ఒక్క తెరమీదా ఇంటర్నెట్ రాలేదు.

“ఏంటయ్యా రత్నం ఇది?” అన్నారు గోపాలకృష్ణ గారు, నవ్వు మొహంతో, పళ్లు బిగబట్టి.

“నే ముందే చెప్పానండి, ఆ పెట్టెకి బుద్ధి లేదని.”

ప్రారంభోత్సవానికని మళ్లీ వచ్చిన ప్రేమకుమారి అటూ ఇటూ చూసి అడిగింది. “ఇక్కడ ఒకటో నంబరు ఎవరిదండి?”

“నాదే!” అన్నారాయన, ఛాతీ విరిచి, సభకు వినపడేట్టు.

“పెట్టెదీ అదేనండి. బయటికెళ్లేవన్నీ దాని గుమ్మానికెళ్లాలి. మీ గుమ్మం దగ్గరికొచ్చి ఆగిపోతున్నాయి.”

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ఆయన కంప్యూటరును కూడా మిగతావాటిలాగే అడుక్కునేట్టు మార్చింది. పెట్టె దానికీ ఖాళీగా ఉన్న నంబరొకటి ఇచ్చింది.

ఎనిమిది. బాగానే పనిచేసింది.