మూడోవంతు పట్టణం, ఒక పొయ్యి

నేను కెనడా వెళ్ళిన ఏడాది విమానంలో నా చుట్టూ కూర్చున్నవాళ్ళంతా బిజినెస్ అనలిటిక్స్ చదవడానికే వెళ్తున్నారు. ముందు సీట్లో అమ్మాయి వెనక్కి తిరిగి, "నీది ఏ కోర్సు?" అని అడిగింది. "హిస్టరీ. క్రూసేడ్ల కాలం" అన్నాను. ఆ అమ్మాయి నన్ను జాలిగా చూసి, "అయ్యో, వాళ్ళు ఇంకేమీ ఇవ్వలేదా?" అంది.

సస్కటూన్‌లో దిగాక కూడా ఆ జాలి నన్ను వదల్లేదు. బేస్‌మెంట్ అద్దెకిచ్చిన ఆంటీ, ఇండియన్ స్టోర్ ఓనరు, బస్సులో పక్కన కూర్చున్న నెల్లూరు అబ్బాయి, అందరిదీ ఒకటే ప్రశ్న. దానికి జాబ్ ఏమొస్తుంది? పీఆర్‌కి, అంటే ఇక్కడే ఉండిపోవడానికి, పనికొస్తుందా? మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. తర్వాత విసుగొచ్చి, "పట్టణాలు ఎలా పంచుకోవాలో నేర్పుతారు, ఎప్పటికైనా పనికొస్తుంది" అనడం మొదలుపెట్టాను. ఈ పిల్లకి పొగరు అన్నారు. పొగరే. నేనేం దాచుకోలేదు.

నేను చదువుతున్నది నిజంగా పంపకాల గురించే. యెరూషలేమును పట్టుకున్న యూరప్ దొరలకు గుర్రాలున్నాయి, కత్తులున్నాయి, కానీ ఓడలు లేవు. ఓడలు లేకుండా రేవు పట్టణాలు చేతికి రావు. ఓడలేమో వెనిస్ లాంటి వర్తక నగరాల దగ్గర ఉన్నాయి. వాళ్ళు ఊరికే వస్తారా? తూరు పట్టణం ఇంకా శత్రువుల చేతిలో ఉండగానే, గెలిచాక అందులో మూడోవంతు మాకివ్వాలని ముందే రాయించుకున్నారు. అంతటితో ఆగలేదు. రాజ్యంలోని పట్టణాల్లో మాకో వీధి కావాలి, అందులో మా చర్చి, మా స్నానాల గది, మా రొట్టెల పొయ్యి ఉండాలి, మా సరుకు మా కొలతలతోనే అమ్ముకుంటాం, మా తగాదాలు మా కోర్టులోనే తీర్చుకుంటాం, సుంకం కట్టం అన్నారు. దేవుడి కోసం యుద్ధమని బయల్దేరినవాళ్ళు పొయ్యి గురించి ఇంత పట్టుగా బేరమాడటం చదివి నేను లైబ్రరీలో గట్టిగా నవ్వేశాను. పక్కన కూర్చున్నతను హెడ్‌ఫోన్స్ తీసి నా వైపు చూశాడు.

మా ప్రొఫెసర్‌కి మాత్రం నా ఎంపిక నచ్చలేదు. పెద్దావిడ, మంచావిడే. "మీ తీరంలో కూడా పాత రేవులున్నాయి కదా, వర్తకులకు రాజులిచ్చిన శాసనాలున్నాయి కదా, దాని మీద రాస్తే నీకు సులువు" అంది. నాకు ఒళ్ళు మండింది. మా క్లాసులో గోధుమలు పండించే ఇంటి నుంచి వచ్చినవాడు రోమ్ మీద రాస్తున్నాడు. ఇంకొకామె చైనా మీద రాస్తోంది. గోధుమల మీద రాసుకోమని ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు. మా ఊరు దాటకూడదన్న హద్దు నాకొక్కదానికే ఎందుకు? ఇదే మాట ఆవిడ మొహం మీదే అనేశాను. "అయితే లాటిన్ నేర్చుకో, ఆ పత్రాలన్నీ అందులోనే ఉన్నాయి" అంది ఆవిడ. ఏడుస్తూ నేర్చుకున్నాను.

ఆవిడకి చెప్పని కారణం ఒకటుంది. ఆ పత్రాల్లో తూరు చుట్టూ ఉన్న పల్లెల ప్రస్తావన కూడా ఉంది. పట్టణంలో మూడోవంతు తీసుకున్నవాళ్ళు ఆ పల్లెల్లోనూ వాటా తీసుకున్నారు. పల్లెలంటే పొలాలు, చెట్లు, నీళ్ళు, వాటితో పాటు అక్కడ దున్నుకుని బతికే మనుషులు. మనుషుల్ని పొలంతో కలిపే ఇచ్చేశారు. ఆ ముక్క చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. మా నానమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఇంటిల్లిపాదీ ఒకరి ఈనాం భూమిలో పాలేర్లు. "భూమి చేతులు మారినప్పుడల్లా మేమూ మారాం, మమ్మల్నెవరూ అడగలేదు" అనేది. బడి మొహం ఎరగని మనిషి ఒక్క వాక్యంలో చెప్పిన సంగతి వేరే సముద్రం ఒడ్డున, వేరే భాషలో ఎలా రాశారో చూడాలని నాకు పంతం పుట్టింది. అక్కడైతే నా మొహం చూసి మీది ఏ పేట అని ఎవరూ కులం లెక్క వేయరు కూడా.

సస్కటూన్‌లో తెలుగు క్రైస్తవులం ఆదివారం మధ్యాహ్నం ఒక కెనడియన్ చర్చి హాల్లో కలుసుకునేవాళ్ళం. పొద్దున్న వాళ్ళ ఆరాధన, మధ్యాహ్నం మాది. అమెరికా మీదుగా వచ్చి ఇక్కడ ఐటీలో స్థిరపడిన ఒక అంకుల్ మా పెద్ద. నేను తూరు, యెరూషలేము అంటుంటే విని ఆయన నేను పాస్టర్ కోర్సు చదువుతున్నాననుకున్నారు. "మన అమ్మాయి పరిశుద్ధ దేశం మీద రీసెర్చ్ చేస్తోంది" అని అందరికీ గర్వంగా చెప్పేవారు. ఒకసారి నా చేత మాట్లాడించారు కూడా. నేను లేచి స్నానాల గదుల గురించి, తూకం రాళ్ళ గురించి, ఎవరికెంత వాటా వచ్చిందో దాని గురించి చెప్పాను. చివర్లో ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. మళ్ళీ నన్ను పిలవలేదు.

ప్రార్థన కంటే ఆ తర్వాత పెట్టే భోజనమే మాలో చాలామందిని అక్కడికి లాక్కొచ్చేది. దాచడమెందుకు? ఆ ఏళ్ళలో ప్రతి సెప్టెంబరుకీ స్టూడెంట్లు గుంపులు గుంపులుగా దిగేవాళ్ళు. ఒక్కో బేస్‌మెంట్‌లో పరుపు పక్కన పరుపు. వారమంతా బ్రెడ్డూ నూడుల్సూ తిని బతికేవాళ్ళకి వేడన్నం దొరికేది ఆదివారమే. క్రైస్తవులే కాదు, అందరూ వచ్చేవాళ్ళు. నా రూమ్‌మేట్ కరీంనగర్ అమ్మాయి, వ్యవసాయం చదివేది. వాళ్ళింట్లో శివుడి పూజ. మా హాల్లో బగారా అన్నం చేయడం మా అందరికీ నేర్పింది తనే. శనివారం సాయంత్రం మా గదిలో కూర్చుని ఉల్లిపాయలన్నీ తనే కోసేది. ఆదివారం కాఫీ షాపులో షిఫ్ట్ ఉండేది కాబట్టి ప్రార్థన అయిపోయాకే వచ్చేది.

గుంపు పెరిగేసరికి చర్చివాళ్ళకి ఇబ్బంది మొదలైంది. తాలింపు వాసన కర్టెన్లకి పట్టి, వాళ్ళ సోమవారం మీటింగ్ దాకా పోవడం లేదట. హాలు ఎప్పటిలాగే వాడుకోండి, వంటగది మాత్రం ఇక మూసేస్తాం అన్నారు.

"వాళ్ళ చర్చి, వాళ్ళ ఇష్టం. హాల్ ఇస్తున్నారు, అదే దేవుడి కృప. థాంక్స్ చెప్పి పిజ్జా ఆర్డర్ చేసుకుందాం" అన్నారు అంకుల్.

"పొయ్యి లేని వీధి వెనిస్ వాళ్ళు కూడా తీసుకోలేదు అంకుల్" అన్నాను.

"వెనిస్ ఎవరమ్మా? మన ఫెలోషిప్పేనా?"

విడమరిచి చెప్పాను. ఆయనకి ఏం అర్థమైందో గానీ, పరిశుద్ధ దేశం ప్రస్తావన ఉంది కాబట్టి చర్చివాళ్ళతో మాట్లాడటానికి నన్నూ తీసుకెళ్ళారు.

వంటగది చూసుకునేది ఒక తెల్లజుట్టు ముసలావిడ. టీ ఇచ్చింది. మీరంతా మాకు అతిథులు, మీరంటే మాకు ప్రేమే అంది. అంకుల్ చేతులు కట్టుకుని తల ఊపుతున్నారు. నాకు ఆగలేదు. "అతిథులు గిన్నెలు కడగరండీ. మేం కడుగుతాం. మాకు పనీ కావాలి, హక్కూ కావాలి" అన్నాను. అంకుల్ టేబుల్ కింద నా కాలు తన్నారు. నేను చెప్పుకుంటూ పోయాను. ఏ టైం నుంచి ఏ టైం దాకా పొయ్యి మాదో చెప్పండి. కర్టెన్లు మేం విప్పి పెట్టి, వెళ్ళేటప్పుడు మళ్ళీ తగిలిస్తాం. మా గిన్నెలు మావే, మా గుడ్డలు మావే. పాడైతే మేమే బాగుచేయిస్తాం. తాళం ఒకటి మా దగ్గర ఉండాలి, ప్రతిసారీ మిమ్మల్ని అడుగుతూ నిలబడం.

ఆఖరిగా ఇంకో మాట చేర్చాను. అది నా సొంతం కాదు, ఏకర్ అనే మరో రేవు పట్టణంలో వెనిస్ వాళ్ళకిచ్చిన హామీలోది. వాళ్ళ వీధిలోని పొయ్యి దగ్గర, అక్కడ నివసించేవాళ్ళలో ఎవరికి ఇష్టమైతే వాళ్ళు రొట్టెలు కాల్చుకోవచ్చు, ఎవరూ అడ్డు చెప్పకూడదు. దాన్నే కొంచెం మార్చి, "హాల్లోకి వచ్చినవాళ్ళెవరైనా తినొచ్చు, ఎవరూ కాదనకూడదు" అన్నాను. ముసలావిడ నవ్వి, "నీకివన్నీ ఎవరు నేర్పారు?" అంది. "ఇక్కడి యూనివర్సిటీయే" అన్నాను. ఆవిడ అన్నిటికీ సరేనంది. అంకుల్ కూడా "అఫ్‌కోర్స్, అఫ్‌కోర్స్" అన్నారు. తాళం చెవి మాత్రం ఆవిడ ఆయనకివ్వలేదు. "వండేవాళ్ళ దగ్గర ఉండనీ" అని నా చేతిలో పెట్టింది.

ఆ రోజు బస్సులో ఇంటికి వస్తుంటే గర్వంతో నాకు చలే తెలియలేదు.

పొయ్యి మాదయ్యాక జనం ఇంకా పెరిగారు. అప్పుడు అంకుల్‌కి కొత్త భయం పట్టుకుంది. ఒక ఆదివారం ఆరాధన చివర్లో లేచి, "ఇది హోటల్ కాదు. నెక్స్ట్ వీక్ నుంచి ప్రేయర్‌లో కూర్చున్నవాళ్ళకే ప్లేట్" అని ప్రకటించారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "తాళం నీ దగ్గరే ఉంది కదా, డోర్ దగ్గర నువ్వే నిలబడమ్మా" అన్నారు. అలాంటి మాట నిజంగా అమల్లో పెడతారని నేను నమ్మలేదు.

పెట్టారు. ఆ తర్వాతి ఆదివారం డోర్ దగ్గర నేను లేకపోయేసరికి ఆయనే నిలబడ్డారు. నా రూమ్‌మేట్ షిఫ్ట్ అయిపోయి, కాఫీ షాపు టోపీ ఇంకా తీయకుండానే, బూట్ల మీద మంచుతో వచ్చి వరసలో నిలబడింది.

"ఈ పాప ప్రేయర్‌లో కనిపించలేదే" అన్నారు అంకుల్.

తనకి వెంటనే అర్థమైపోయింది. మొహం చిన్నబోయింది. నా వైపు తిరిగి, "పర్లే అక్కా. నేనింటికి పోయి తింట. నువ్వు పరేషాన్ గాకు" అని మళ్ళీ గ్లోవ్స్ తొడుక్కోసాగింది. ఇంట్లో ఏముందని తింటుంది? మా ఇంట్లో ఉన్న బియ్యమంతా ఆ గిన్నెలోనే ఉడికింది.

నేను గరిటె పక్కన పడేసి వచ్చాను. "అంకుల్, ఆ అన్నంలో ఉల్లిపాయలు కోసింది ఈమే."

"అది వేరమ్మా, రూల్ వేరు. ఇవాళ ఒకరిని వదిలేస్తే రేపు ఊరంతా వస్తుంది. మనకి ఇచ్చారు, మనం కాపాడుకోవాలి కదా."

మనకి ఇచ్చారట. ఆ ముక్కతో నాకు కోపం తలకెక్కింది. బేరమాడేటప్పుడు నా కాలు తన్నిన మనిషి!

"తూరులో వాటా తీసుకున్నవాళ్ళు చుట్టూ ఉన్న పల్లెలు కూడా తీసుకున్నారంకుల్" అన్నాను. హాల్లో అందరికీ వినిపించేలాగే అన్నాను. "పల్లెల్లో మనుషుల్ని కూడా కలిపి తీసుకున్నారు. దున్నేది వాళ్ళు, వండేది వాళ్ళు. పత్రంలో వాళ్ళకంటూ ఒక్క హక్కు రాయలేదు. మా నానమ్మ వాళ్ళనీ ఈనాంతో కలిపి అలాగే చేతులు మార్చారు. మీ నానమ్మగారిది ఏ పేట అంకుల్?"

ఆయనది మా పక్క జిల్లా. ఏ పేటో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఇక్కడ మనల్ని ఆ మాట ఎవరూ అడగరు, అందుకే ఇక్కడ ఊపిరి ఆడుతుంది. నేను అడిగాను. అందరి ముందూ అడగాల్సింది కాదని తర్వాత చాలామంది నాకు చెప్పారు. మళ్ళీ అలాంటి రోజొస్తే మళ్ళీ అడుగుతాను.

ఆయన మొహం ఎర్రబడింది. చెయ్యి చాపి, "తాళం ఇలా ఇవ్వు" అన్నారు.

"ఇవ్వను. అది వండేవాళ్ళకిచ్చారు. మీకు కావాలంటే వచ్చే వారం నుంచి మీరు వండండి."

పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని ఉన్నది ఆయన భార్యే. ఆంటీ ఒక ప్లేట్ తీసి, అన్నం పెట్టి, దాని మీద కోడికూర వేసి, అంకుల్ పక్క నుంచే వచ్చి నా రూమ్‌మేట్ చేతికిచ్చింది. "టోపీ తీసి కూర్చో తల్లీ, చల్లారిపోద్ది" అంది. దాంతో వరస మళ్ళీ కదిలింది. ప్రార్థనకి వచ్చినవాళ్ళూ, రానివాళ్ళూ కలిసిపోయారు. ఎవరు ఎవరో చూసే తీరిక ఇక ఎవరికీ లేదు.

అంకుల్ కోటు వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. కారెక్కి వెళ్ళిపోతారనుకున్నాను. ఎక్కలేదు. ఆ చలిలో పార్కింగ్‌లో కాసేపు అటూ ఇటూ నడిచి, ఆయన మళ్ళీ లోపలికొచ్చారు. ఒక ప్లేట్ తీసుకుని వరస చివర, నిన్నగాక మొన్న దిగిన ఒక స్టూడెంట్ వెనక నిలబడ్డారు. ఆయన వంతు వచ్చేసరికి గిన్నె ఖాళీ.

"మాడింది ఉంది అంకుల్, పర్వాలేదా?"

"పెట్టమ్మా" అన్నారు. ప్లేట్‌లోకే చూస్తూ, నాకొక్కదానికే వినపడేలా, "మా నానమ్మ వాళ్ళు కూడా ఈనాం వాళ్ళ దగ్గరే" అన్నారు. తర్వాత, "నువ్వు చదివే కోర్సు ఇదేనా?" అన్నారు.

"ఇదే అంకుల్. వచ్చినప్పటి నుంచీ అందరూ అడుగుతున్నారు కదా."

ఆయన నిలబడే తిన్నారు. తినడం అయ్యాక సింక్ దగ్గరికెళ్ళి, చొక్కా చేతులు మడిచి, తన ప్లేట్ కడిగి, ఆ మాడిన గిన్నె కూడా ఇలా ఇవ్వమన్నారు. గిన్నె ఇచ్చాను. తాళం మాత్రం ఇవ్వలేదు.